కొనచుక్క పరుగు

ఒకప్పుడు ఆకాశంలో చుక్కలు రాలేవి కావు. గీత గీసినట్టు జారేవి కావు, తెగిపడేవి కావు. ఎక్కడ నిలబెడితే అక్కడ పాతిన గుంజల్లా నిలబడి ఉండేవి. పొద్దు వాలగానే వెలగాలి, తెల్లారేదాకా వెలుగుతూనే ఉండాలి. పగలైనా పడుకుంటాయా అంటే అదీ లేదు. ఎండలో మన కంటికి కనబడవంతే, అవి మాత్రం అక్కడే నిలబడి ఉంటాయి. కనబడని పనికి మెచ్చుకోలు కూడా ఉండదు కదా, పాపం.

వాటిని అలా నిలబెట్టింది రాత్రమ్మ. ఆకాశం కొత్తగా ఉన్న రోజుల్లో చీకటి బాగా చిక్కగా ఉండేదట, గరిటె పెడితే నిలబడేంత చిక్కగా. రాత్రమ్మ ఒక్కో చుక్కనూ తెచ్చి ఒక్కో చోట నిలబెట్టి, కొంగులో ఇంత వెలుగు మూటగట్టి ఇచ్చింది. చిటికెడు చిటికెడుగా వాడుకోమంది. ఎవరూ తమ చోటు విడవకూడదనీ, ఒక్క చోటు ఖాళీ అయినా ఆ బొక్కలోంచి చీకటంతా కారి కింది లోకం మునిగిపోతుందనీ చెప్పింది. నిజమేనా అని ఎవరూ అడగలేదు. పెద్దావిడ చెప్పింది కదా అని నిలబడ్డాయి.

వాటిలో పేరున్న చుక్కలు కొన్ని ఉన్నాయి. పిల్లలకోడి తన పిల్లల్ని వెంటేసుకుని నిలబడింది. గొర్రుకొయ్యలు ముగ్గురు అన్నదమ్ముల్లా వరసగా నిలబడ్డాయి. ఉత్తరాన మంచంకోళ్ళు నాలుగూ ఒక మంచాన్ని ఎత్తి పట్టుకున్నాయి. ఇక వేగుచుక్క సంగతి చెప్పక్కర్లేదు. తెల్లారబోయే ముందు తీరిగ్గా ఒళ్ళు విరుచుకుని, లోకాన్ని లేపింది తానేనన్నట్టు మెరిసిపోతుంది.

దక్షిణం దిక్కున, నల్లకొండ అంచుకు ఆనుకుని, అన్నింటికంటే చివర ఒక చుక్క ఉండేది. దాన్ని చూసి పొద్దు ఎంతయిందో చెప్పే రైతు లేడు. దాన్ని చూసి దారి వెతుక్కునే బాటసారీ లేడు. చివర ఉంది కాబట్టి మిగతా చుక్కలు దాన్ని కొనచుక్క అనేవి. అది కూడా అవసరం పడినప్పుడే, అంటే ఎప్పుడో గాని అనేవి కావు.

కొనచుక్క అలసిపోయింది.

అలసట అంటే ఒక రోజు అలసట కాదు. పడుకుంటే పోయే అలసట ఒకటి, పడుకోనివ్వని అలసట ఒకటి. దానిది రెండోది. కాళ్ళు పీకేవి, నడుం పట్టేసేది, కళ్ళు మూతలు పడేవి. మూతపడిన ప్రతిసారీ వెలుగు తగ్గేది. అయ్యో అనుకుని మళ్ళీ కళ్ళు విప్పేది. కింద పిల్లలు దాన్ని చూసి ఆ చుక్క ఎంత బాగా మిణుకుమిణుకుమంటోందో అని చప్పట్లు కొట్టేవాళ్ళు. అది నిద్ర ఆపుకుంటోందని పిల్లలకేం తెలుసు.

దానికి ఉన్న కోరిక ఒక్కటే. ఒక్కసారి నడుం వాల్చాలి. ఉత్తరాన ఖాళీగా ఉన్న ఆ మంచం వంక చూసి చూసి, ఒకరోజు ఉండబట్టలేక, కాసేపు పడుకోనిస్తారా అని మంచంకోళ్ళకు కబురు పెట్టింది. ఆకాశం మహా వెడల్పు. చోటు విడవకూడదు కాబట్టి మాట ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు దాటుకుంటూ పోవాలి. కబురు బయలుదేరినప్పుడు వానాకాలం, ఉత్తరానికి చేరేసరికి చలికాలం. బదులు తిరిగొచ్చేసరికి కింద మామిడి పూత కూడా రాలిపోయింది. ఆ వచ్చిన బదులు కూడా ఏమంత బాగాలేదు. మోసీ మోసీ మా భుజాలే పడిపోతున్నాయి, నువ్వు ఎక్కితే మంచం వంగుతుంది, మంచం వంగితే ఉత్తరం దిక్కంతా వంకర పోతుంది అన్నాయి మంచంకోళ్ళు.

చందమామ అటు పోతుంటే సెలవు అడిగింది. నెలకోసారి పూర్తిగా మాయమై, మిగతా రోజుల్లో సగం పనీ పావు పనీ చేసే చందమామ, సెలవులివ్వడం తన చేతిలో లేదని సూర్యుడి వైపు చెయ్యి చూపించాడు. సూర్యుణ్ణి అడిగితే ఆయన నొసలు చిట్లించాడు. నువ్వు పనిచేస్తున్నట్టు నేనెప్పుడూ చూడలేదే అన్నాడు. ఆయన ఉన్నప్పుడు చుక్కలెలా కనబడతాయి? ఆ మాట ఆయనకు చెప్పే ఓపిక కొనచుక్కకు లేక ఊరుకుంది.

నల్లకొండ కింద జొన్నచేలు ఉండేవి. కంకి పాలు పట్టిన దగ్గర్నుంచి కోత దాకా కొండ మీది అడవిపందులతో ఒకటే పోరు. అందుకని చేనుకో మంచె వేసుకుని, రాత్రంతా దాని మీద కూర్చుని కాపలా కాసేవాళ్ళు. ఊరి వైపు మొదటి మంచె ఓబులేసు తాతది. కొండ వైపు చిట్టచివరి మంచె సుంకులమ్మది.

సుంకులమ్మ మొగుడు నాగన్న గొర్రెల్ని తోలుకుని మేతకు దూరాన ఏటి ఒడ్డు ఊళ్ళకు పోయాడు. కోతల దాకా రాడు. పగలు ఎద్దులకు మేత కోయడం, నీళ్ళు మోయడం, చేలో పని. రాత్రి మంచె. ఆమె ఎప్పుడు పడుకునేదో ఆమెకే తెలియదు. కొండకు దగ్గర కాబట్టి పందులు దిగితే మొదట పడేది ఆమె చేలోనే. ఆ చేను పోతే ఆ ఏడు ఇంట్లో సంగటి లేదు.

మంచెల వాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. రాత్రి నిద్ర పట్టకుండా ఓబులేసు తాత మొదటి మంచె మీంచి గొంతెత్తి, ఓ... ఉండావా అని పిలిచేవాడు. రెండో మంచె వాళ్ళు ఉండా అని బదులు చెప్పి, మూడో మంచెను పిలిచేవాళ్ళు. అలా పిలుపు మంచె మంచె దాటి సుంకులమ్మ దాకా వచ్చేది. ఆమె తర్వాత మంచె లేదు. అయినా చివరి వాళ్ళు కూడా పిలవాల్సిందే, ఇక్కడ మనుషులు మేలుకుని ఉన్నారని పందులకు తెలియాలి కాబట్టి. సుంకులమ్మ కొండ వైపు తిరిగి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని పిలిచేది.

"ఓ... ఉండావా?"

కొండ అంచున ఉన్నది కొనచుక్క. మొదటిసారి ఆ పిలుపు విన్నప్పుడు అది అటూ ఇటూ చూసింది. అక్కడ ఇంకెవరూ లేరు. అంటే పిలుస్తున్నది తననే. ఆకాశం పుట్టిన దగ్గర్నుంచి తనను ఉన్నావా అని అడిగినవాళ్ళు లేరు. కొనచుక్క ఉన్నా అని చెప్పింది గాని ఆ మాట గాలిలో కలిసిపోయి కిందికి చేరలేదు.

అప్పటినుంచి రోజూ ఆ పిలుపు కోసం ఎదురు చూసేది. పిలుపు వినబడగానే నడుం సర్దుకుని నిలబడేది. కాళ్ళ నొప్పి ఏమీ తగ్గలేదు. కానీ ఉన్నావా అని అడిగేవాళ్ళు ఉన్నప్పుడు అది మోయదగ్గ నొప్పి అవుతుంది, అంతే తేడా.

గాలి పడిపోయిన ఒక రాత్రి, సుంకులమ్మ పిలుపుకు పైనుంచి సన్నగా బదులు వచ్చింది. ఉన్నానమ్మా అని. సుంకులమ్మ పందుల మీద రాళ్ళు విసిరే ఒడిసెల చేతిలోకి తీసుకుని ఎవరది అంది. కొండ మీది చుక్కను, నువ్వు రోజూ పిలుస్తావుగా అంది కొనచుక్క. సుంకులమ్మ తలెత్తి చూసి, ఒడిసెల పక్కన పెట్టింది. బాగా అలసినవాళ్ళకు ఆశ్చర్యపోయే ఓపిక కూడా ఉండదు.

"నిన్ను కాదక్కా," అంది. "ఆ పిలుపు పందులకు. ఈడ మనిషి ఉండాదని వాటికి తెలియాల గదా."

కొనచుక్క వెలుగు బాగా తగ్గిపోయింది, నూనె అయిపోయిన దీపంలాగా. అది చూసి సుంకులమ్మ మనసు చివుక్కుమంది. ఏమైందక్కా అని అడిగింది. అడగ్గానే కొనచుక్క అంతా చెప్పేసింది. నిలబడడం, నడుం నొప్పి, ఖాళీ మంచం, చందమామ, సూర్యుడు, అన్నీ. సుంకులమ్మ మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని విన్నది. మధ్యలో ఒకటి రెండుసార్లు ఆవులించింది గాని, అది విసుగుతో కాదు.

"నాదీ కొన మంచే," అంది చివరికి. "పైరు పాలు పట్టినప్పటినుంచి నేనూ సరిగ్గా కన్ను మూసింది లేదు. ఈ పొద్దు నుంచి కొండను పిలవను. నిన్నే పిలుస్తా. నువ్వు పలుకు."

పలక్కపోతే ఏం చేస్తావని కొనచుక్క అడిగింది.

"పలక్కపోతే నిద్రన్నా పోయుండాల, ఆపదన్నా వచ్చుండాల. ఏదైనా సరే, మంచె దిగి పరిగెత్తాల. అది మా కట్టుబాటు. అడిగి, ఆలోచించి పోయేది ఉండదు."

ఆకాశానికి ఎలా పరిగెత్తుతావంది కొనచుక్క. సుంకులమ్మ నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. కొండెక్కయినా వస్తాలే అంది.

ఆ రాత్రి నుంచి ఇద్దరూ ఒకరినొకరు పిలుచుకునేవాళ్ళు. సుంకులమ్మ ఉండావా అంటే కొనచుక్క ఉన్నా అనేది. ఒక్కోసారి కొనచుక్కే ముందు పిలిచేది. ఈ అలవాటు ఎంతో నచ్చి, అది పక్క చుక్కను కూడా, ఓ... ఉన్నావా అని అడిగింది. మిగతావాళ్ళను కూడా అడగమంది. ఆ ప్రశ్న చుక్క చుక్క దాటుకుంటూ ఆకాశమంతా పోయింది. బదులు మాత్రం రాలేదు. పెద్ద పెద్ద చుక్కలకు బద్ధకం ఎక్కువ, పైగా దారి పొడుగు.

జొన్న ముదిరింది. కంకులు బరువెక్కి తలలు వంచాయి. తెల్లారితే కోత మొదలు. ఆ రోజు ఊరు ఊరంతా కొడవళ్ళు నూరుకుంది, కళ్ళం అలికింది, బండ్లు కట్టుకుంది. సందె చీకట్లో ఎవరి మంచె వాళ్ళు ఎక్కేసరికి ఒంట్లో సత్తువ అనేది మిగల్లేదు. ఈ ఒక్క రాత్రే కదా అనుకున్నారు. అందరూ అదే అనుకున్నారు. ఓబులేసు తాత ఒకసారి పిలిచి, బదులు వినకముందే గుంజకు తల ఆనించాడు. రెండో మంచె వాళ్ళు ఉండా అనబోయి, ఆవులింత మధ్యలోనే నిద్రపోయారు. చివరి మంచె మీద సుంకులమ్మ ఒడిసెల చేతిలోనే ఉంచుకుని, కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది.

కొండ మీద ఒక ముసలి పంది చెవులు రిక్కించింది. ఎంతసేపు విన్నా పిలుపు లేదు. ఈ రాత్రి మనుషులు లేరు, రండి అంది. మంద మందంతా కదిలింది.

కొనచుక్క చూస్తూనే ఉంది. పందులు చేలో దిగాయి. కంకుల్ని తొక్కి, విరిచి, నమిలి, ఉమ్మేస్తున్నాయి. కొన్ని సుంకులమ్మ మంచె గుంజల కింద మన్ను ఎగదవ్వడం మొదలుపెట్టాయి. మంచె ఒక పక్కకు వంగింది. దాని మీద సుంకులమ్మ తల వాలిపోయి ఉంది.

"సుంకులమ్మా, ఉన్నావా?"

పలకలేదు. గాలి ఎదురు కొడుతోంది. మళ్ళీ పిలిచింది. ఈసారి బలమంతా పెట్టి పిలిచింది. పలకలేదు. మంచె ఇంకొంచెం వంగింది.

కొనచుక్కకు రెండు కట్టుబాట్లు గుర్తొచ్చాయి. చోటు విడవకూడదన్నది రాత్రమ్మ. బదులు రాకపోతే పరిగెత్తాలన్నది సుంకులమ్మ. రాత్రమ్మ మాట ఆకాశం పుట్టినప్పటినుంచి వింటూనే ఉంది. కానీ రాత్రమ్మ ఒక్కనాడైనా తనను ఉన్నావా అని అడగలేదు.

"నేను దిగిపోతున్నా," అని ఆకాశం వైపు తిరిగి అరిచింది. "ఎవరైనా ఉన్నారా?"

బదులు లేదు. ఎదురు చూసే వ్యవధీ లేదు. కొనచుక్క తన చోటు విడిచి పరిగెత్తింది.

నిలబడీ నిలబడీ కొయ్యబారిన కాళ్ళు. మొదటి అడుగు పడగానే ప్రాణం పోయినంత పనైంది. అయినా ఆగలేదు. కొంగు మూట విప్పేసింది. యుగయుగాలకు సరిపోవాలని చిటికెడు చిటికెడుగా దాచుకున్న వెలుగంతా ఒక్కసారే బయటికి వచ్చింది. ముందు తెల్లగా, తర్వాత చిలక రెక్కలా పచ్చగా, ఆపైన నిప్పు రంగులో ఆకాశమంతా భగ్గుమంది. పల్లెలో గోడల మీద వేసిన ముగ్గులు కనబడ్డాయి. చేలో ఒక్కో జొన్న కాడకూ ఒక్కో నీడ పుట్టి, అన్ని నీడలూ ఒక్కసారిగా అటునుంచి ఇటు తిరిగాయి. ఇంత జరిగినా ఎక్కడా చిన్న చప్పుడు లేదు.

పందులకు తెల్లవారిందో లోకం తగలబడిందో అర్థం కాలేదు. వచ్చిన దారీ రాని దారీ చూడకుండా కొండకు లంఘించాయి. మంచెల మీద మనుషులు ఉలిక్కిపడి లేచారు. సుంకులమ్మ కళ్ళు విప్పేసరికి నెత్తి మీద వెలుగు. ఆ వెలుగు మంచె పైదాకా వచ్చి, ముక్కలు ముక్కలుగా విడిపోతోంది. అందులోంచి, చెవి దగ్గర చెప్పినంత మెల్లగా ఒక మాట వినబడింది.

"ఉన్నావా?"

"ఉండా," అంది సుంకులమ్మ. "ఉండానక్కా."

కొనచుక్క విన్నది. ఆ తర్వాత వెలుగు ఆరిపోయింది.

దివిటీలు వెలిగించుకుని అందరూ కొన మంచె దగ్గరికి వచ్చారు. సుంకులమ్మను కిందికి దించారు. చేను ఒక అంచున తొక్కుడైందే గాని మిగతాదంతా నిలిచే ఉంది. ఓబులేసు తాత తన నిద్రకు తానే సిగ్గుపడి తల దించుకున్నాడు. సరే పోదాం పదండి అని ఎవరో అన్నారు. నాలుగడుగులు వేశారో లేదో, పైన ఆకాశంలో దడదడమని చప్పుడైంది. రాళ్ళ బాట మీద ఖాళీ బండ్లు వరసగా దొర్లుతున్నట్టు, దక్షిణాన మొదలై ఉత్తరం దాకా పోయింది. నేల అదిరింది, గుంజలు వణికాయి.

అది బదులు. కొనచుక్క ఎప్పుడో అడిగిన ప్రశ్న తిరిగి తిరిగి చుక్కలన్నింటికీ చేరి, అన్నీ కలిసి ఒక్కసారి, ఉన్నాం ఉన్నాం అని చెప్పిన బదులు.

మిగతావాళ్ళు ఉరుమనుకున్నారు. సుంకులమ్మకు మాత్రం తెలుసు. "ఇప్పుడా చెప్పేది?" అని ఆకాశం వైపు చూసి అంది. ఆ తర్వాత అక్కడే చాలులో కూర్చుని ఏడ్చింది. అలసిపోయి ఏడ్చిందో, అక్క కోసం ఏడ్చిందో విడదీసి చెప్పడం కష్టం.

తెల్లారాక తొక్కుడైన చోట ఒక నల్లరాయి దొరికింది. పిడికిలంత ఉంది, తాకితే ఇంకా గోరువెచ్చగా ఉంది. సుంకులమ్మ దాన్ని కొంగులో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. ఇంట్లో ఉన్నది ఒక్కటే నులక మంచం. దాని మీద బొంత పరిచి, రాయిని మధ్యలో పెట్టి, చలి పెడుతుందేమోనని ఒక చీర చెరగు కప్పింది.

"పండుకో అక్కా. ఎవురూ లేపరు," అంది.

తను కింద చాప వేసుకుని మంచం పక్కనే పడుకుంది. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా లేవలేదు. లేచి చూసేసరికి ఓబులేసు తాత ఊరందర్నీ పిలుచుకొచ్చి ముందు ఆమె చేనే కోయిస్తున్నాడు. ఎవరూ ఆమెను లేపలేదు.

ఆ సాయంత్రం రాత్రమ్మ వచ్చి, కొండ అంచున ఖాళీ చోటు చూసింది. చుక్కలన్నీ ఊపిరి బిగబట్టి కిందికి చూశాయి. చీకటి కారలేదు. ఒక్క బొట్టు కూడా కారలేదు. లోకం ఎప్పటిలాగే ఉంది. ఎన్నో యుగాలు ఒక్క చుక్కనూ కూర్చోనివ్వకుండా నిలబెట్టిన మాట ఉత్తదేనని అందరికీ అర్థమైంది. మరీ అలసిపోయినవాళ్ళు దిగిపోండి, ఇక ఆపను అంది రాత్రమ్మ చివరికి.

కింద మంచెలు విప్పేసే ముందు సుంకులమ్మ ఆఖరిసారి ఎక్కి, ఖాళీ చోటు వైపు తిరిగి, ఓ... ఉండావా అని పిలిచింది. బదులు రాదని తెలుసు. అయినా పిలిచింది. దిగి ఇంటికి పోయి, మంచం మీది రాయి మీద చెయ్యి వేసి పడుకుంది.

అప్పటినుంచే, నిలబడలేనంతగా అలసిన చుక్క కొంగులో దాచుకున్న వెలుగంతా ఒక్కసారే విప్పేసి, చప్పుడు లేకుండా ఆకాశం దాటి పరిగెత్తుతుంది. అప్పటినుంచే, ఆ వెలుగు ఆరిపోయి, మనం తలదించుకుని ఇంట్లోకి పోబోతున్నప్పుడు, ఎక్కడో పైన దడదడమని చప్పుడు ఆలస్యంగా వస్తుంది. చుక్కల బదులు ఈ రోజుకీ ఆలస్యమే. అందుకే జొన్నచేలకు కాపలా ఉండేవాళ్ళు అలాంటి చుక్కను చూస్తే వేలెత్తి చూపించరు. ఆ చప్పుడు రాకముందే, మెల్లగా, "ఉండాం, పండుకో" అంటారు.